మాంసం లేని గ్రెనడా ఆయిల్ డౌన్: సీమపనస, కొబ్బరి పాలతో మూడుసార్లు వండి చూశాను

నమస్తే అండీ. వెనకాల గాలి శబ్దం వినిపిస్తుంటే కాస్త సర్దుకోండి. కిటికీ మూసేస్తే ఈ ఉక్కలో స్టవ్ దగ్గర నిలబడలేను.

మేం ఉండేది గ్రెనడాలో. కరీబియన్ దీవుల్లో బాగా దక్షిణాన, వెనెజులాకి కొంచెం పైన ఉండే చిన్న దేశం. ఈ రోజు రివ్యూ ఇక్కడి జాతీయ వంటకం మీద. పేరు ఆయిల్ డౌన్. ఆదివారం నలుగురూ చేరినా, బీచ్‌కి వెళ్ళినా, ఫిబ్రవరి 7న స్వాతంత్ర్య దినం వచ్చినా పెద్ద గిన్నెలో ఇదే ఉడుకుతూ ఉంటుంది. మామూలుగా ఇందులో ఉప్పులో ఊరబెట్టిన పంది తోక, ఉప్పుచేప, కోడి ముక్కలు వేస్తారు. అవేవీ లేకుండా పూర్తి వీగన్‌గా వండితే ఆ రుచి వస్తుందా? మూడుసార్లు వండాను. వస్తుంది. కానీ ఒక్క విషయంలో తొందరపడితే మాత్రం రాదు. దాని గురించే ఎక్కువసేపు మాట్లాడతాను.

ముందు ఈ కాయ చూడండి. బ్రెడ్‌ఫ్రూట్. గోదావరి జిల్లాల వాళ్ళు చూస్తున్నట్లయితే ఈపాటికి గుర్తుపట్టేసి ఉంటారు, మన సీమపనస. పనసకి దగ్గరి చుట్టమే కానీ లోపల తొనలుండవు, అంతా తెల్లటి కండే. మా అత్తయ్యగారు రెండు నెలలు ఉండడానికి వచ్చారు. కాయ సంచిలోంచి తీయగానే, "ఇది ఇక్కడ కూడా ఉందా! మా పెరట్లో చెట్టుండేది, బజ్జీలు వేసేవాళ్ళం" అని చేతిలోకి తీసుకున్నారు. నేను చెప్పకముందే చాకుకి నూనె రాశారు. పనస కోసిన చేతులు కదా, జిగురు సంగతి తెలుసు.

కాయ ఎంచుకోవడం ముఖ్యం. ఇక్కడి రాజధాని సెయింట్ జార్జెస్‌లో మార్కెట్ స్క్వేర్ అని ఉంది, శనివారం పొద్దున్నే వెళితే మంచి కాయలు దొరుకుతాయి. నేను కొన్న ఆవిడ మొదట అడిగిన మాట, "కాల్చడానికా, ఆయిల్ డౌన్‌కా?" అని. ఆయిల్ డౌన్‌కి కాయ ముదిరి ఉండాలి, పండకూడదు. దగ్గరగా చూపిస్తాను. తొక్క మీద తేనెపట్టు గదుల్లాంటి గీతలున్నాయి కదా. లేత కాయకి ఆ గదులు బొడిపెల్లా పైకి ఉంటాయి. ముదిరేకొద్దీ చదునవుతాయి, మధ్యలో గోధుమరంగు వస్తుంది. ఇదిగో ఇక్కడ, పాలు కారి ఎండిపోయిన తెల్లటి మరకలు. ఇవి ఉంటే కాయ సిద్ధంగా ఉన్నట్టు. వేలితో నొక్కితే మెత్తగా దిగిందంటే పండిపోయింది, తియ్యగా ఉంటుంది, ఉడికితే ముద్దయిపోతుంది. రెండోసారి నాకు అదే జరిగింది. గిన్నె మూత తీస్తే ముక్క అన్నదే లేదు.

ఈ చెట్టు ఈ దీవులకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఇక్కడి చెరుకు తోటల యజమానులకి బానిసల తిండి మీద ఖర్చు తగ్గించుకోవాలని ఉండేది. అందుకని పసిఫిక్‌లోని తాహితీ నుంచి ఈ మొక్కలు తెప్పించాలని బ్రిటిష్ ప్రభుత్వం విలియం బ్లై అనే నావికుణ్ణి పంపింది. మొదటి ఓడ బౌంటీలో 1789లో నావికులు తిరగబడ్డారు, మొక్కలన్నీ పోయాయి. రెండోసారి ప్రావిడెన్స్ అనే ఓడలో తెచ్చి 1793లో సెయింట్ విన్సెంట్‌లో, జమైకాలో దించారు. సెయింట్ విన్సెంట్ మాకు ఉత్తరాన పక్క దీవే. ఇంతా చేసి తెస్తే, ఆ బానిసలు మొదట్లో దీన్ని ముట్టుకోలేదు. వాళ్ళకి అలవాటైన అరటి, పెండలం దుంపలే కావాలన్నారు. చౌక తిండిగా నెత్తిన రుద్దిన కాయని వాళ్ళ పిల్లలు, మనవలు మెల్లగా తమ వంట చేసుకున్నారు. ఈ గిన్నె ముందు నిలబడినప్పుడల్లా నాకు అది గుర్తొస్తుంది.

సరే, వంటకి వద్దాం. ఐదారుగురికి సరిపడా చెబుతున్నాను. రెండు కిలోల సీమపనస ఒకటి, తొక్క తీసి, నడుమ ఉండే మెత్తటి గుండె కోసేసి, పెద్ద ముక్కలు చేయాలి. చిన్న ముక్కలు వద్దు. పచ్చి అరటికాయలు నాలుగు, క్యారెట్లు రెండు, ఉల్లిపాయ, ఉల్లికాడలు, వెల్లుల్లి, థైమ్ అనే వాసన ఆకు రెమ్మలు. ఈ పొడుగాటి ఆకు పేరు షాడో బెనీ, కొత్తిమీర వాసనే కానీ ఘాటు ఎక్కువ. ఇది దొరక్కపోతే కొత్తిమీర కాడలతో సహా వేయండి. చేమ ఆకులు పది పన్నెండు. వీటిని ఇక్కడ కలలూ అంటారు. పసుపు రెండు చెంచాలు. పసుపుని ఇక్కడ సాఫ్రన్ అంటారండీ, మొదట్లో కుంకుమపువ్వనుకుని ఇంత వేస్తున్నారేంటా అని ఆశ్చర్యపోయాను. రెండు కప్పుల మైదా నీళ్ళతో గట్టిగా కలిపి, వేలంత పొడుగ్గా చేత్తో చుట్టిన డంప్లింగ్స్, అంటే పిండి ముద్దలు. పంది తోక లేదు కాబట్టి ఉప్పు మనమే వేయాలి, రెండు చెంచాలు. నేను ఒక గుప్పెడు ఉడికించిన పచ్చి కందిగింజలు కూడా వేస్తాను. కంది ఇక్కడా బాగా తింటారు, మాంసం లేని లోటు కడుపుకి తెలియదు.

కొబ్బరి పాలు ఐదు కప్పులు. ఇక్కడ ఆగండి. మొదటిసారి డబ్బా పాలు పోశాను, గంట ఉడికినా నూనె వదల్లేదు, తెల్లటి గ్రేవీలా ఉండిపోయింది. తర్వాత డబ్బా వెనక చదివితే తెలిసింది, పాలు విరగకుండా గమ్ కలుపుతారు. ఈ వంటకి పాలు విరిగి నూనె బయటికి రావాలి. కాబట్టి కొబ్బరి, నీళ్ళు తప్ప ఇంకేమీ లేని డబ్బా చూసుకోండి, లేదంటే రెండు కాయలు తురిమి, గోరువెచ్చటి నీళ్ళు పోసి పిండండి. చేతులు నొప్పెడతాయి, నిజమే. అయినా తేడా మామూలుగా ఉండదు.

గిన్నె సర్దడాన్ని ఇక్కడి వాళ్ళు ఒక పనిగా చూస్తారు. అడుగున సీమపనస, సందుల్లో అరటికాయ, క్యారెట్, కందిగింజలు, వాటి మీద ఉల్లి, వెల్లుల్లి, ఆకులు. పసుపు, ఉప్పు కలిపిన కొబ్బరి పాలు పోయాలి. పైన డంప్లింగ్స్, అన్నిటి మీద చేమ ఆకులు దుప్పటిలా కప్పాలి. స్కాచ్ బోనెట్ మిరపకాయ ఒకటి పగలకుండా పైన పెట్టండి, వాసన చాలు. పగిలితే పిల్లలు తినలేరు. మూత పెట్టి, పొంగు వచ్చాక మంట తగ్గించి ముప్పావుగంట నుంచి గంట.

ఇక కలపకూడదు. ఒక్కసారి కూడా. మొదటిసారి నాకు టెన్షన్ వచ్చి రెండుసార్లు గరిట పెట్టాను. పక్కింటి ఆవిడ గోడ అవతల నుంచి చూసి, "వదిలేయమ్మా, దాన్ని వండుకోనివ్వు" అంది. మూత తీయకుండా చెవితో వండాలి. మైక్ దగ్గరగా పెడతాను, వినండి. ఇప్పుడు గుడగుడ అంటోంది, ఇంకా పాలున్నాయి.

నలభై ఐదు నిమిషాలయ్యాయి. విన్నారా? చిటపట మొదలైంది. నీళ్ళు ఇగిరిపోయి కొబ్బరి నూనె అడుగుకి చేరింది, ముక్కలు అందులో వేగుతున్నాయి. మనం కూర నూనె తేలేదాకా ఉంచాలంటాం, వీళ్ళు నూనె దిగేదాకా ఉంచాలంటారు. ఆ పేరు అందుకే వచ్చింది. ఇంకో ఐదు నిమిషాలు, అంతే. తొందరపడి ముందే దించేస్తే అది కొబ్బరి పాల పులుసే అవుతుంది.

మూత తీస్తున్నాను. చేమ ఆకులు కరిగిపోయినట్టున్నాయి, బాగా ఉడకాలి, లేకపోతే గొంతు దురద పెడుతుంది. ముక్క చూడండి, బయట పసుపుపచ్చగా నూనె పట్టి మెరుస్తోంది, లోపల కందకీ బంగాళాదుంపకీ మధ్యస్తంగా గట్టిగా ఉంది. అడుగున ఎర్రగా వేగిన పొర ఉంది, అది నాది.

మాంసం లేని లోటు తెలిసిందా అంటే, పొగ వాసన, ఆ ఊరిన ఉప్పదనం లేవు. మొదటిసారి దాని కోసం స్మోక్డ్ పాప్రికా, అంటే పొగబెట్టిన మిరపపొడి వేశాను. వేయకండి, థైమ్‌నీ కొబ్బరినీ మింగేసింది. ఆ వాసన వెతకడం మానేశాకే వంట కుదిరింది. ఇది నేను కనిపెట్టిన మార్పేం కాదు. ఈ దీవుల్లోని రాస్తఫారీ మతం వాళ్ళు ఇటల్ అనే తమ ఆహార నియమం పేరుతో మాంసం లేకుండా ఎప్పటినుంచో ఇలాగే వండుకుంటున్నారు, వాళ్ళలో నియమం గట్టిగా పాటించేవాళ్ళు ఉప్పు కూడా వేయరు.

అత్తయ్యగారు తిని, "బాగుంది కానీ చేమాకులో పులుపు లేదే" అన్నారు. నిమ్మకాయ పిండి ఇచ్చాను, రెండోసారి వడ్డించుకున్నారు. నేనూ ఇప్పుడు అలాగే తింటున్నాను.

నా మార్కులు పదికి ఎనిమిది. ఒకటి తగ్గించింది బరువు వల్ల, మధ్యాహ్నం తింటే సాయంత్రం దాకా ఆకలి వేయదు, రాత్రి భోజనానికి నేనైతే చేయను. ఇంకోటి ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడి, వేడి చేసినా మొదటి మెత్తదనం రాదు. అందుకని మిగిలిన ముక్కల్ని పొద్దున్నే పెనం మీద రెండు వైపులా ఎర్రగా కాల్చండి, వేరే నూనె అక్కర్లేదు, వాటిలో ఉన్నదే సరిపోతుంది.