గళ్ళలో రాసిన గంటలు

సభకు నమస్కారం. కమిటీ పెద్దలకి, ముగ్గుల పోటీ కోసం తెల్లవారకముందే వచ్చి ఈ చలిలో చుక్కలు పెట్టిన ఆడపిల్లలకి, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి సంక్రాంతి శుభాకాంక్షలు. నన్ను పిలిచింది పన్నుల గురించి ఓ పది నిమిషాలు మాట్లాడమని. జనవరి కదా, 31లోగా డబ్ల్యూ-2లు, 1099లు చేతికొస్తాయి, ఏ కాగితం దేనికో చెప్పండి చాలు అన్నారు. ఆ రెండు కాగితాల గురించే చెప్తాను. డబ్ల్యూ-2 అంటే ఉద్యోగికి యజమాని ఇచ్చే జీతం కాగితం, 1099 అంటే ఉద్యోగి కాని కాంట్రాక్టరుకి ఎంత ఇచ్చారో చూపే కాగితం. కానీ పన్నుల లెక్క మాత్రం ఇవాళ చెప్పలేను. ఆరేళ్ళుగా ఒక మాట నా గుండెల్లో ఉండిపోయింది, అది చెప్పాలి. కమిటీవారు మన్నించాలి.

ఇదిగో, ఇది చూడండి. వెనక వరసలకి కనపడదేమో, చెప్తాను. 2019 నాటి తెలుగు క్యాలెండరు. నూనె మరకలు పడి అంచులు పారదర్శకంగా అయిపోయాయి. ప్రతి గడిలో తిథి, నక్షత్రం, వర్జ్యం. వాటి కింద ఖాళీలో పెన్సిలుతో సన్నగా రాసిన అంకెలు. 10-9. 10-9. 10-9. ఉగాది గడిలో 8-10. ఆ పక్కన 'పులిహోర ఆర్డరు' అని రాసి ఉంది. సోమవారాలు ఖాళీ. పొద్దున పదింటికి పొయ్యి వెలిగించి రాత్రి తొమ్మిదింటికి ఆపిన మనిషి రాసుకున్న లెక్క ఇది.

ఆయన తణుకు వైపు మనిషి. అందరం బాబాయి అనేవాళ్ళం. కూతురు గ్రీన్ కార్డు చేయిస్తే వచ్చి, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఇక్కడ కాలిఫోర్నియాలో శాక్రమెంటో వైపు మనవాళ్ళ హోటల్లో వంటకి కుదిరాడు. నెలకి 2,400 డాలర్లు. ఓనరు నా క్లయింటు. పాతికేళ్ళుగా చిన్న చిన్న వ్యాపారాలకి లెక్కలు రాస్తున్నాను, మీలో కొందరికి తెలుసు. 2020 జనవరిలో ఆ ఓనరు వచ్చి, 'అమ్మా, ఈయన కాంట్రాక్టరు, కాగితం మీద సంతకం కూడా పెట్టాడు, 1099 కొట్టేయండి' అన్నాడు. సంతకం చూశాను. 28,800 అని కొట్టి ఇచ్చాను.

ఆ ఫారం తయారుచేసింది నేనే. ఇది చెప్పడానికే ఇవాళ మైకు పట్టుకున్నాను.

కాంట్రాక్టరు అంటే ఎవరు? కాలిఫోర్నియాలో దీనికి 2018 ఏప్రిల్ 30న రాష్ట్ర సుప్రీంకోర్టు డైనమెక్స్ అనే డెలివరీ కంపెనీ కేసులో జవాబు చెప్పింది. దాన్నే ఏబీ5 అనే చట్టంలో పెట్టి 2020 జనవరి 1 నుంచి అమలు చేశారు. మూడు ప్రశ్నలు. పని ఎలా చెయ్యాలో మీరు చెప్పకుండా అతను తన ఇష్టప్రకారం చేస్తున్నాడా? ఆ పని మీ వ్యాపారం మామూలుగా చేసే పనికి బయటిదా? అతనికి తనదంటూ వేరే వ్యాపారం ఉందా? మూడింటికీ అవుననిపించుకోవలసిన భారం ఓనరుదే. ఒక్కటి తప్పినా అతను ఉద్యోగి. కొన్ని వృత్తులకి మినహాయింపులున్నాయి, యాప్ డ్రైవర్లకి 2020లో ఓటింగు పెట్టి వేరే దారి చేశారు. వంటమనిషికి ఏ మినహాయింపూ లేదు. హోటల్లో ఫ్రిజ్ పాడైతే వచ్చి బాగుచేసి బిల్లు ఇచ్చి పోయినవాడు కాంట్రాక్టరు. రోజూ అదే పెనం ముందు నిలబడి ఓనరు చెప్పిన టైముకి దోసె పోసేవాడు ఎలా కాంట్రాక్టరవుతాడు? హోటలు అమ్మేదే ఆ దోసె కదా! సంతకం పెట్టినా అంతే, 1099 కొట్టినా అంతే. కాగితం మీద ఏం రాశామని చట్టం చూడదు, పని ఎలా జరిగిందని చూస్తుంది. తీర్పు వచ్చి అప్పటికే ఏడాదిన్నర దాటింది. నాకు తెలుసు. అయినా కొట్టాను.

ఇప్పుడు ఈ క్యాలెండరు లెక్క వేద్దాం. రోజుకి 11 గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 66 గంటలు. కాలిఫోర్నియాలో రోజుకి 8 గంటలు దాటినా, వారానికి 40 దాటినా ఆ అదనపు గంటలకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి, అదే ఓవర్‌టైమ్. రోజులో 12 దాటితే రెండు రెట్లు. 2019లో పాతికమందికి మించని చిన్న హోటలుకి కనీస వేతనం గంటకి 11 డాలర్లు. 40 గంటలకి 440, మిగిలిన 26 గంటలకి 16.50 చొప్పున 429. వారానికి 869 రావాలి. బాబాయికి ముట్టింది వారానికి సుమారు 554. ప్రతి వారం 315 డాలర్లు ఎవరి జేబులో ఉండిపోయాయి? ఇంకా అరగంట భోజనం విరామం, పది నిమిషాల విరామాలు ఇవ్వని రోజులకి కట్టాల్సింది నేను ఇందులో కలపలేదు.

ఓనరు మీద పగతో చెప్పడం లేదు. ఆయన తమ్ముడికి టెక్సస్‌లో హోటలుంది, అక్కడి లెక్కే ఇక్కడా అనుకున్నాడు. టెక్సస్‌కి సొంత ఓవర్‌టైమ్ చట్టం లేదు, 1938 నాటి ఫెడరల్ చట్టమే, అంటే దేశమంతటికీ ఉన్న చట్టమే నడుస్తుంది. వారానికి 40 దాటితేనే ఓవర్‌టైమ్, కనీస వేతనం 2009 నుంచి కదలని 7.25. నాలుగు రోజులు పదేసి గంటలు చేస్తే అక్కడ ఓవర్‌టైమ్ సున్నా. ఇక్కడ మామూలుగా 8 గంటల ఓవర్‌టైమ్ వస్తుంది. ఇక్కడ 2026 జనవరి 1 నుంచి కనీస వేతనం 16.90, కొన్ని ఊళ్ళలో ఇంకా ఎక్కువ. ఫెడరల్ చట్టం, రాష్ట్ర చట్టం రెండూ ఉన్నచోట పనిచేసేవాడికి ఏది మేలైతే అదే వర్తిస్తుంది. అందుకే డల్లాస్‌లో చుట్టాలు చెప్పిన మాట ఇక్కడ పనికిరాదు. అయినా టెక్సస్ లెక్కన చూసినా ఆ 66 గంటలకి 572 దాటాలి. 554 అక్కడ కూడా చాలదు!

ముందు వరసలో ఐటీ తమ్ముళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు. నాన్నా, ఇది హోటళ్ళ గొడవ మాత్రమే కాదు. నెలజీతం ఉన్నంత మాత్రాన ఓవర్‌టైమ్ హక్కు పోదు, చేసే పని బట్టి, జీతం ఎంతన్నదాన్ని బట్టి ఉంటుంది. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవాణ్ణి ప్రాజెక్టు లేదని బెంచ్ మీద పెట్టి జీతం ఆపకూడదు, అది ఫెడరల్ రూలు. మీలో ఎంతమంది రెండేసి నెలలు జీతం లేకుండా కూర్చుని, వీసా టెన్షన్‌తో కిక్కురుమనకుండా ఉన్నారో నాకు తెలుసు. మీ పే స్టబ్‌లు, అంటే జీతం చీటీలు, దాచుకోండి.

బాబాయి సంగతికి వస్తాను. 2019 డిసెంబరులో బూరెల బాణలి ఒరిగి కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. ఉద్యోగికి దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు యజమాని ఇన్సూరెన్సు పెట్టుకోవాలి. కాంట్రాక్టరని రాసినంత మాత్రాన ఆ హక్కు పోదు. ఆ ముక్క ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగిన నేనూ చెప్పలేదు. మార్చిలో కట్టుతోనే నా ఆఫీసుకి వచ్చాడు. 1099 కాబట్టి యజమాని కట్టాల్సిన సగం కూడా కలిపి సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను (ముసలితనంలో పింఛనుకి, వైద్యానికి కట్టేది) 15.3 శాతం, సుమారు 4,000 డాలర్లు ఆయన మీద పడింది. 'అమ్మాయ్, చెయ్యి కాలింది నాది, డబ్బులు తగ్గింది నాకు. మళ్ళీ ప్రభుత్వానికి నేనెలా బాకీ పడ్డానమ్మా?' అని అడిగాడు. నేను కాలిక్యులేటర్ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆయన ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఇల్లు మారుతూ ఈ క్యాలెండరుని కూతురు నాకిచ్చింది. అప్పటికి లేబర్ కమిషనర్ దగ్గర ఓవర్‌టైమ్ కోసం ఫిర్యాదు చెయ్యడానికున్న మూడేళ్ళు దాటిపోయాయి. యజమాని గంటల లెక్క రాయకపోతే కార్మికుడు రాసుకున్న లెక్కని సాక్ష్యంగా తీసుకోవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1946లోనే చెప్పింది. అంటే రాహుకాలం పక్కన రాసిన ఈ అంకెలు చెల్లేవి. ఫిర్యాదుకి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, దుబాసీని ఇస్తారు, వీసా ఏమిటని అడగరు. ఫిర్యాదు చేశాడని ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి చెప్తానని బెదిరించడం కూడా ఈ రాష్ట్రంలో చట్టవిరుద్ధమే. నాలాంటివాళ్ళకీ ఒక సెక్షనుంది. ఉద్యోగి హక్కులు తప్పించడానికి కాంట్రాక్టరని చూపించమని తెలిసీ డబ్బు తీసుకుని సలహా ఇచ్చినవాడు యజమానితో సమానంగా బాధ్యుడు. అక్కౌంటెంట్లు ఇంకో ముగ్గురు ఈ హాల్లో ఉన్నారు. మీకూ చెప్తున్నాను.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ ఒక్క సంగతి అడిగి దిగిపోతాను. ఇందాక నీళ్ళ కోసం వెనక వంటగదిలోకి వెళ్ళాను. క్యాటరింగ్ పిల్లలు ఐదుగురు అరిసెలు వత్తుతున్నారు. ఎన్నింటికి వచ్చారు బాబూ అంటే ఆరున్నరకి అన్నారు. తిన్నారా అంటే నవ్వారు. ఐదో గంట పూర్తయ్యేలోపు వాళ్ళకి భోజనం విరామం మొదలవ్వాలి, అంటే పదకొండున్నర లోపు. ఇప్పుడు పదకొండూ పది. కమిటీవారూ, మొదటి పంక్తిలో పెద్దవాళ్ళతోపాటు ఆ ఐదుగుర్నీ కూర్చోబెట్టండి. వడ్డించడానికి నేనొస్తున్నాను, ఇంకో నలుగురు లేవండి.