ట్రాక్టరుతో ఇంటికి కరెంటు: జెనరేటరు సెట్టు కంటే ముందు కొనవలసిన స్విచ్చి

సభకు వచ్చిన రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు, డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన లైన్‌మన్ మిత్రులకు నమస్కారం.

నేను కోవూరులో ముప్ఫై ఏళ్లుగా మోటార్లకు వైండింగు కట్టి బతుకుతున్నవాణ్ణి. విడవలూరు వైపు నాలుగెకరాల వరి సాగు, ఒక ట్రాక్టరు కూడా ఉన్నాయి. ట్రాక్టరుకు తగిలించి తిప్పే జెనరేటరును ఇంటి అవసరానికి ఎలా వాడుకోవాలో చెప్పమని పెద్దలు అడిగినప్పుడు, వేరే ఎవరైనా అయితే బాగుంటుందేమోనని సంకోచించాను. ఎందుకంటే ఈ విషయంలో చేయకూడని తప్పు చేసినవాణ్ణి నేనే. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే మన తీరం వెంబడి పైకి పాకుతూ నెల్లూరు జిల్లాను వానతో, గాలితో ఊపేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మా వీధిలో రెండు స్తంభాలు ఒరిగిపోయి కరెంటు పోయింది. మూడో రోజుకు మిద్దె మీద ట్యాంకు ఎండిపోయింది, ఇంట్లో మంచం పట్టిన మా అమ్మకు ఫ్యాను లేదు. పొలం మోటారు కోసం కొన్న ఆల్టర్నేటరును, అంటే తిప్పితే కరెంటు పుట్టించే యంత్రాన్ని, ట్రాక్టరు వెనక ఇంజను తిప్పే పీటీవో షాఫ్టుకు తగిలించి, రెండు కొసలకూ ప్లగ్గులు బిగించిన వైరు ఒకటి తయారు చేసి, వంటింటి సాకెట్లో గుచ్చి ఇంటికి కరెంటు ఇచ్చాను. మీటరు దగ్గర మెయిను దించాను కదా, ఇంకేం భయం అనుకున్నాను. కాసేపటికి మా అబ్బాయి, లైనులో కరెంటు వచ్చిందేమో చూద్దామని, నాతో చెప్పకుండా ఆ మెయిను తిరిగి ఎత్తాడు. బల్బు ఒక్కసారి మినుకుమన్నది, ఇంజను గొంతు కాస్త బరువెక్కింది. నేను పట్టించుకోలేదు.

పది నిమిషాల తరవాత లైన్‌మన్ మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో ఎర్తింగు రాడ్డు ఉంది, తీగను నేలకు కలిపే కడ్డీ అది. అరుగు మీద కూర్చుని ముందు మంచినీళ్లు అడిగాడు. తాగుతుంటే చెంబు వణకడం నాకు కనిపించింది. "ట్రాక్టరు మోగతా ఉండాదే అని అనుమానమొచ్చి రాడ్డు తగిలిచ్చి చూశా అన్నా, నిప్పులు రాలినాయి. లేకుంటే నేరుగా చేత్తో పట్టుకునేవాణ్ణి" అన్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అతను వెళ్లిన తరవాత నేను చేసిన మొదటి పని ఆ వైరును ముక్కలుగా కత్తిరించడం.

అసలు ఏం జరిగిందో చెబుతాను. ఊళ్లో ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను దించి మన ఇళ్లకు త్రీ ఫేజులో 415, సింగిల్ ఫేజులో 230 వోల్టులుగా ఇస్తుంది. ఆ యంత్రానికి కిందా పైనా తేడా తెలియదు. కింది వైపు నుంచి మన జెనరేటరు కరెంటు ఎక్కితే, అదే నిష్పత్తిలో పెంచి పై తీగల్లోకి వేల వోల్టులు పంపుతుంది. స్తంభం మీది ఏబీ స్విచ్చి దించి, సబ్‌స్టేషన్లో ఎల్సీ, అంటే లైను ఆపి పని చేసుకునే అనుమతి, తీసుకుని, లైను చచ్చిందన్న నమ్మకంతో స్తంభమెక్కిన మనిషికి ఎదురయ్యేది ఆ కరెంటే. ఊరంతటి లోడు మీద పడితే చిన్న సెట్టు తట్టుకోలేక ఆగిపోతుంది కదా అని కొందరు నాతో వాదించారు. మామూలు రోజుల్లో ఆ మాట నిజమే కావచ్చు. తుఫాను తరవాత తీగలు ఎక్కడికక్కడ తెగి, మన ఇంటితోపాటు మరో రెండు మూడు ఇళ్లు మాత్రమే ఒక ముక్కగా మిగిలిపోతాయి. అంత లోడును ఏ సెట్టయినా హాయిగా మోస్తుంది. మా వీధిలో జరిగింది సరిగ్గా అదే.

అందువల్ల నా విన్నపం ఒక్కటే. జెనరేటరు కొనాలనుకున్నవారు ముందు చేంజోవర్ స్విచ్చి కొనండి. దానికి మూడు స్థానాలుంటాయి: పైకి లేపితే లైను, కిందికి దించితే జెనరేటరు, మధ్యలో రెండూ లేవు. రెండూ ఒకేసారి కలవడానికి లోపలి కట్టుబాటే ఒప్పుకోదు కాబట్టి, మీరు మరచినా, మీ పిల్లవాడు తెలియక లాగినా ప్రమాదం ఉండదు. సింగిల్ ఫేజు ఇంటికి ఫేజుతోపాటు న్యూట్రల్‌ను కూడా విడదీసే రెండు పోళ్ల స్విచ్చి, త్రీ ఫేజుకు నాలుగు పోళ్లది తీసుకోండి. న్యూట్రల్ వదిలేసి ఫేజు మాత్రమే మార్చేవి చవకగా దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. మీటరుకూ ఇంటి డిస్ట్రిబ్యూషన్ బోర్డుకూ మధ్య లైసెన్సున్న వైర్‌మన్ చేత దీన్ని బిగించుకోవాలి. ఈ స్విచ్చి లేని ఇంట్లో సెట్టు నడుస్తుండగా అసలు కరెంటు వచ్చి రెండూ ఢీకొంటే వైండింగు కాలిపోవడం, షాఫ్టు మెలిపడడం నిమిషంలో జరిగిపోతాయి. అలా కాలిన ఆల్టర్నేటర్లు మా షాపుకు ఇప్పటికీ వస్తున్నాయి.

ఇక సెట్టు సంగతి. నాలుగు పోళ్ల (ఇక్కడ పోళ్లంటే అయస్కాంత ధ్రువాలు) ఆల్టర్నేటరు నిమిషానికి 1500 చుట్లు తిరిగితేనే మన ఇంటికి కావలసిన 50 హెర్ట్జుల ఫ్రీక్వెన్సీ ఉన్న కరెంటు పుడుతుంది. ట్రాక్టరు పీటీవో తిరిగేది 540 చుట్లు. ఆ తేడాను గేరుబాక్సో, బెల్టూ పుల్లీలో దాదాపు రెండు ముప్పావు రెట్లు పెంచి సర్దుతాయి. మీ ట్రాక్టరులో ఇంజను ఎన్ని చుట్ల మీద ఉన్నప్పుడు పీటీవో 540కి చేరుతుందో ఇంజను చుట్లు చూపే మీటరు మీద గుర్తు ఉంటుంది, కంపెనీని బట్టి అది మారుతుంది. బోర్డు మీద వోల్టుమీటరు ఒక్కటే చాలదు, ఫ్రీక్వెన్సీ మీటరు కూడా ఉండాలి. పీటీవో 486 చుట్లకు పడిపోతే ఫ్రీక్వెన్సీ 45కు దిగుతుంది. ఆటోమేటిక్ వోల్టేజి రెగ్యులేటరు వోల్టులను మాత్రం 230 దగ్గర పట్టి నిలబెడుతుంది. చూసేవారికి అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల ఫ్రిజ్ కంప్రెసరు, మోటారు, ఆల్టర్నేటరు మూడూ వేడెక్కుతుంటాయి. లోడు లేనప్పుడు 52 దగ్గర పెట్టుకుంటే లోడు పడ్డాక 50 ప్రాంతంలో నిలుస్తుంది.

ఎంత సెట్టు కావాలని చాలామంది అడుగుతారు. ఒక కిలోవాటుకు పీటీవో దగ్గర రెండు హార్స్‌పవర్ అనే లెక్క మనకు సరిపోతుంది. ఫ్యానులు, లైట్లు, ఫ్రిజ్, టీవీ, ఒక హార్స్‌పవర్ నీళ్ల మోటారు అన్నీ కలిపినా ఇంటికి రెండున్నర, మూడు కిలోవాట్లు దాటదు. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి 5 కేవీఏ, అంటే సుమారు నాలుగు కిలోవాట్ల సెట్టు, పెట్టుకుంటే నిశ్చింత. దానికి ఎనిమిది పది హార్స్‌పవర్ చాలు. మన దగ్గరున్నవి నలభై, నలభై అయిదు హార్స్‌పవర్ ట్రాక్టర్లు.

ఇక్కడే నా అభిప్రాయం దాచుకోకుండా చెప్పాలి. రెండు ఫ్యానులు, నాలుగు బల్బుల కోసం అంత పెద్ద ఇంజనును రాత్రంతా తిప్పడం దండగ. లోడు తక్కువైనా ఇంజను తన వేగాన్ని నిలుపుకోవడానికే గంటకు రెండు మూడు లీటర్ల డీజిలు తాగుతుంది. నేను చేసేదేమిటంటే, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు నడుపుతాను. ఆ వేళలో ట్యాంకు నిండుతుంది, ఫ్రిజ్ చల్లబడుతుంది, ఫోన్లు, ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జి అవుతాయి. 150 ఏహెచ్ బ్యాటరీ ఖాళీ అయితే నిండడానికి పది గంటలకు పైగా పడుతుంది, నాలుగు గంటల్లో సగానికి చేరడమే ఎక్కువ. అయినా ఆ సగంతో రాత్రి ఒక ఫ్యాను తిరుగుతుంది. ట్రాక్టరు లేనివారు కేవలం ఇంటి కోసం ఈ ఏర్పాటుకు దిగవద్దు, ఇన్వర్టరే నయం. ట్రాక్టరు, బోరు మోటారు ఉన్నవారికి, రొయ్యల గుంటల మీద నీటికి గాలి అందించే ఏరేటర్లు తిప్పుకునేవారికి మాత్రం ఇది చాలా పనికొచ్చే వస్తువు.

పొలం కోసం కొన్న త్రీ ఫేజు సెట్టును సింగిల్ ఫేజు ఇంటికి వాడేటప్పుడు ఒక మెలిక ఉంది. 15 కేవీఏ అని రాసి ఉన్నా ఒక్కో ఫేజుకు అందేది 5 కేవీఏ, అంటే సుమారు 21 ఆంపియర్లు మాత్రమే. లోడును వేరు వేరు ఫేజుల మీద పంచినప్పుడు న్యూట్రల్ బోల్టు వదులైతే ఒక ఫేజు మీద వోల్టులు పడిపోయి మరో ఫేజు మీద 230 దాటి ఎగబాకుతాయి, ఇంట్లో టీవీలు, ఫ్యానులు పోతాయి. కాబట్టి న్యూట్రల్‌ను ప్రతిసారీ చేత్తో లాగి చూసి బిగించాకే ఇంజను మొదలుపెట్టండి. సెట్టు ఇనుప చట్రానికి సొంత ఎర్తు ఉండాలి, బోర్డులో కరెంటు నేలకు కారితే వెంటనే తెంచేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి.

పీటీవో షాఫ్టు గురించి ఇంట్లో ఆడవాళ్లకు, పిల్లలకు కూడా చెప్పి ఉంచండి. 540 చుట్లంటే సెకనుకు తొమ్మిది. మూడంగుళాల మందమున్న షాఫ్టుకు కండువా కొస తగిలితే ఒక్క సెకనులో రెండు మీటర్ల గుడ్డ చుట్టుకుపోతుంది. మనిషి అరిచే లోపే అంతా అయిపోతుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు పగిలి ఉంటే కొత్తది వేయకుండా తగిలించవద్దు. నడుస్తున్న షాఫ్టును దాటి అవతలికి వెళ్లకూడదు, ఎంత తొందరున్నా ట్రాక్టరును చుట్టి రావాలి. గేరు న్యూట్రల్లో ఉంచి, బ్రేకు లాకు చేసి, చక్రాల కింద రాళ్లు పెట్టాలి. బండి అర అడుగు జరిగినా షాఫ్టు ఊడి కొరడాలా కొడుతుంది.

వాన కొడుతుందని ట్రాక్టరును పంచలోకి, షెడ్డులోకి తోసి నడిపే అలవాటు మన వైపు ఉంది. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన, రంగు ఉండవు. తలుపులు కిటికీలు బిగించుకుని పడుకున్న ఇంట్లోకి అది చేరితే నిద్రలోనే ప్రాణం పోతుంది. ఆల్టర్నేటరు కూడా ఏటవాలుగా కొట్టే జల్లుకు ఆగదు. గాలివాన తెరిపిచ్చేదాకా ఓపిక పట్టి, కిటికీలకు దూరంగా ఆరుబయట నిలిపి నడపండి.

ఏడాదంతా గోనెపట్టాల కింద పడి ఉన్న సెట్టు తుఫాను రోజున పలకకపోవచ్చు. వైండింగులో తేమ చేరుతుంది, కరెంటు పుట్టడం మొదలవడానికి కావలసిన, లోపల మిగిలి ఉండే కాస్త అయస్కాంత శక్తీ తగ్గుతుంది. మన తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి కాబట్టి, సెప్టెంబరులోనే ఒకసారి వైండింగు ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గరు పెట్టించి, అరగంట లోడు మీద నడిపి చూసుకోండి.

నడిపే వరస ఇప్పుడు బయట ట్రాక్టరు దగ్గర చూపిస్తాను. సెట్టు బోర్డు మీది బ్రేకరు దించి ఉంచి, ఇంజను తక్కువ వేగంలో ఉండగా పీటీవో వేసి, మెల్లగా 540కి తెచ్చి, మీటర్లు నిలబడ్డాక చేంజోవర్ దించి, బ్రేకరు ఎత్తి, ఒక్కొక్క లోడూ కలుపుతాను. ఆపేటప్పుడు ముందు లోడులన్నీ తీసేసి, ఆ తరవాతే వేగం తగ్గిస్తాను. చేంజోవర్ పిడి మాత్రం మీలో ఒక్కొక్కరు స్వయంగా పట్టుకుని మూడు స్థానాలకూ తిప్పి చూడాలి. కండువాలు, చున్నీలు, చీర కొంగులు బిగించి రండి, పిల్లలను ఆ వేపచెట్టు దాటి ముందుకు రానివ్వకండి.