మాల తీసిన మర్నాడు

(భీమునిపట్నంలో ఒక సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, అమ్మలకు, అన్నదమ్ములకు నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్లకు కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి.

తాగుడు గురించి, గంజాయి గురించి మాట్లాడమన్నారు. తాగుడు చెడ్డదని చెప్పడానికి నేను ఇంత దూరం రానక్కర్లేదు. ఆ సంగతి తాగేవాడికి మనందరికన్నా బాగా తెలుసు. తెల్లారి లేవగానే చేతులు వణుకుతూ, బెల్టు షాపు వాడి తలుపు కొట్టేటప్పుడు తన మీద తనకి ఎంత అసహ్యం వేస్తుందో అతను చెబితే వినాలి. ఈరోజు నేను మానడం గురించి మాట్లాడతాను. మానినవాడు మళ్లీ మన వీధిలోకి వచ్చినప్పుడు మనం ఏం చేస్తున్నామో కూడా మాట్లాడతాను.

కార్తీక మాసం వచ్చిందంటే మన ఊళ్లలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఏడాదంతా తాగినవాడు అయ్యప్ప మాల వేసుకుంటాడు. 41 రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, సాయంత్రం పూజ, భజన. తోటి స్వాములు వేళకి వచ్చి పిలుస్తారు. గురుస్వామి ఉంటాడు, ఏ ఇబ్బంది వచ్చినా ఆయన్ని అడుగుతాడు. నిన్నటిదాకా "ఒరేయ్" అన్నవాళ్లు "స్వామీ" అంటారు. భిక్షకి పిలిచి పీట వేసి వడ్డిస్తారు. ఆ 41 రోజుల్లో అతని చేతికి గ్లాసు ఇచ్చేవాడు ఊరు మొత్తం మీద ఒక్కడు ఉండడు. ఆ పాపం ఎవరికి కావాలి?

కొండకి వెళ్లొస్తాడు, మాల తీసేస్తాడు. మర్నాడు సాయంత్రం సెంటర్లో పాత నేస్తం ఎదురవుతాడు. "ఏట్రా, ఇంకా సాములోరివేనేటి? ఒక్క పెగ్గుకి ఏటవుద్ది?" అంటాడు. వారం తిరక్కుండా కథ మొదటికి వస్తుంది. అప్పుడు అందరూ ఒకే మాట అంటారు: "చూశారా, దేవుడి భయం ఉంటే మానగలడు, వాడికి మానాలని లేదంతే."

నేను ఆ మాట ఒప్పుకోను. 41వ రోజున ఉన్న మనిషే మర్నాడూ ఉన్నాడు. మారిందల్లా అతని చుట్టూ ఉన్నవి. పొద్దుటి నుంచి రాత్రి దాకా చేయడానికి ఒక పని, కలిసి నడిచే పదిమంది, అడగడానికి ఒక పెద్ద దిక్కు, ఊరిచ్చే మర్యాద, గ్లాసు ఎదురుపడకుండా ఒక కాపలా. మానిన మనిషి నిలబడాలంటే కావాల్సినవి దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. మనకి ఇవ్వడం చేతకాక కాదు. ఏటా ఇస్తున్నాం, మాలతో పాటు తీసేసుకుంటున్నాం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, దయచేసి గుర్తు పెట్టుకోండి, దీంట్లో ప్రాణాలు పోతాయి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాడు డాక్టరుకి చూపించుకోకుండా ఒక్కసారిగా ఆపకూడదు, మాల కోసమైనా సరే. మందు మెదడుని నెమ్మదిపరుస్తుంది. రోజూ అదే పని జరుగుతుంటే మెదడు దాన్ని తట్టుకోడానికి తన వేగం పెంచుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగిపోతే ఆ వేగం ఒక్కటీ మిగిలిపోతుంది. చివరి గ్లాసు తర్వాత ఆరేడు గంటల్లో వణుకు, చెమటలు, గుండె దడ మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి కొందరికి మతి తప్పుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, లేని మనుషులతో మాట్లాడతారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుని వేపమండలు పట్టుకుని కూర్చుంటారు. అది గాలి కాదు, వైద్యం అందకపోతే చనిపోయే స్థితి. ఆసుపత్రిలో అయితే డయాజిపామ్, లోరాజిపామ్ లాంటి మందులిచ్చి, రోజుకింత తగ్గిస్తూ వారం పది రోజుల్లో ఒడ్డున పడేస్తారు. ఇంకొక్క మాట, ఊళ్లో ఆర్‌ఎంపీలు ఉంటే వినాలి. తాగేవాడి ఒంట్లో బీ1 విటమిన్ బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. నీరసంగా ఉన్నాడు కదా అని బాటిల్ పెట్టేయకండి.

వైద్యం ఎంత దూరంలో ఉంది? చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, అక్కడ ఈ వైద్యం చేస్తారు. ఇక్కడి నుంచి ముప్ఫై కిలోమీటర్ల లోపే. అయినా వెళ్లం. ఆ గేటు దగ్గర మనల్ని ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని టెన్షన్. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు దేశమంతా సర్వే చేసి 2019లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. మందుకి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందిందట. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒక్కరు. మిగతావాళ్ల సంగతి ఏమిటి? ఇంట్లో తిట్లు, గోడల మీద ప్రకటనలు, ఇంకా పెళ్లి.

పెళ్లి గురించి కోపం లేకుండా మాట్లాడలేను. "పెళ్లయితే మారతాడు, కాళ్లకి బంధం పడుతుంది" అంటారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడానికి సిగ్గుపడిన అబ్బాయిని, ఆ సంగతి దాచిపెట్టి, పాతికేళ్లు నిండని పిల్లకి కట్టబెడతారు. మీరు బాగు చేయించని రోగాన్ని ఆ పిల్ల బాగు చేయాలా? రెండేళ్లకి చంకలో బిడ్డతో ఆమె ఆసుపత్రి మెట్లు ఎక్కుతుంది, అప్పుడు అత్తగారు "నువ్వు సరిగా చూసుకుంటే వాడిలా అయ్యేవాడా" అంటుంది. అమ్మా, మీ ఇంట్లో అలాంటి ఆలోచన నడుస్తుంటే ఈ రాత్రే ఆపండి. ముందు వైద్యం చేయించండి.

గోడల మీద ప్రకటనలు చూసే ఉంటారు, "తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తారు" అని. ఆ పొడుల్లో ఏముంటుందో అమ్మేవాడు చెప్పడు. డైసల్ఫిరామ్ అని నిజమైన మందు ఒకటి ఉంది. అది వేసుకుని తాగితే ముఖం ఎర్రబడుతుంది, వాంతులవుతాయి, గుండె దడ పుడుతుంది, బీపీ పడిపోతుంది. ఆ భయమే ఆ మందు చేసే పని. కాబట్టి వేసుకునేవాడికి తెలియాలి, అతను ఒప్పుకోవాలి. తెలియకుండా కలిపితే, ఆ రాత్రి అతను మామూలుగానే తాగొచ్చి మీ కళ్ల ముందే కూలిపోవచ్చు.

మనిషిని గొలుసులతో కట్టేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లు కూడా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మద్యం, మాదకద్రవ్యాల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా జబ్బు కిందకే వస్తాయి, రోగిని గొలుసులతో బంధించడం నిషేధం. డబ్బు కట్టేముందు లోపలికి వెళ్లి చూడండి. చూడనివ్వకపోతే మీ మనిషిని అక్కడ వదలకండి.

గంజాయి సంగతి. మన ఏజెన్సీ కొండల్లో పండేది మన వీధుల మీదుగానే దాటిపోతుంది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో పోలీసులు ఒకేచోట దాదాపు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. వేల ఎకరాల్లో తోటలు నరికారు. ఆ పనికి దండం పెడతాను. కానీ మొక్క నరికినంత మాత్రాన అప్పటికే అలవాటుపడ్డ పిల్లాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు కదా. పిల్లాడు గదిలోంచి బయటకి రాడు, చదువు వదిలేస్తాడు, ఎవరో తనని చంపడానికి చూస్తున్నారంటాడు. తల్లిదండ్రులకి అర్థమవుతుంది, అయినా నోరు విప్పరు. పోలీసు కేసవుతుందని భయం. ఆ భయంతోనే ఏళ్లు గడిచిపోతాయి. అందుకని ఒక సెక్షన్ చెబుతాను, రాసుకోండి. 1985 ఎన్‌డీపీఎస్ చట్టంలో, అంటే మాదకద్రవ్యాల చట్టంలో, 64-ఎ. అలవాటుపడ్డ మనిషి తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రికో, ప్రభుత్వం గుర్తించిన కేంద్రానికో వచ్చి చికిత్స చేయించుకుంటే, వాడినందుకు, లేదా కొద్ది మోతాదు దగ్గర పెట్టుకున్నందుకు ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవాడికి ఇది వర్తించదు. చట్టం మీ పిల్లాడికి ఒక తలుపు తెరిచే ఉంచింది.

ఇంజెక్షన్ల దాకా వెళ్లినవాళ్లూ మన జిల్లాలో ఉన్నారు, పెంటాజోసిన్ లాంటి నొప్పి మందులు. ఒకే సూది నలుగురు వాడితే హెచ్‌ఐవీ, హెపటైటిస్ కూడా వస్తాయి. సూది పోట్లు కనబడితే తిట్టడం తర్వాత, ముందు రక్త పరీక్ష చేయించండి.

మద్యనిషేధం పెడితే పోతుంది కదా అంటారా? మన రాష్ట్రం ఆ దారిలో నడిచింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, 1993లో సారా ఆగింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలించారు. ఆ తల్లులు చేసింది చాలా గొప్ప పని, నాకు అనుమానం లేదు. అప్పటికే బానిసలైన మగవాళ్ల వైద్యం గురించి మాత్రం ఏ ప్రభుత్వమూ అంత పట్టుదలగా ఆలోచించలేదు. దుకాణం మూసినా తెరిచినా అది మిగిలిపోయిన పనే.

చెన్నైలో శాంతి రంగనాథన్ గారు ఉన్నారు. భర్త తాగుడు వల్ల చనిపోయారు. ఆవిడ 1980లో ఒక చికిత్సా కేంద్రం మొదలుపెట్టారు. తర్వాత తంజావూరు వైపు మంజక్కుడి అనే ఊరికి వైద్యాన్నే తీసుకెళ్లారు. ఆ ఊళ్లోనే శిబిరం, ఇంట్లోవాళ్లకి కూడా కౌన్సెలింగ్, తర్వాత నెలల తరబడి వాకబు. ఊరి పెద్దలు కూడా అందులో భాగం. నేను ఆశపడేది అదే. పట్నంలో మానినవాడు జనంలో కలిసిపోగలడు. మన ఊళ్లో దాక్కోవడానికి చోటు లేదు, అందరికీ అందరూ తెలుసు. ఇప్పటిదాకా ఆ చూపులతో మనిషిని పొడుస్తున్నాం. అవే కళ్లు కాపలా కాయగలవు కూడా.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. 61 రోజులు పడవ కదలదు. వల అల్లుకుంటూ ఒడ్డున కూర్చున్నవాడికి సాయంత్రం చాలా పొడుగ్గా ఉంటుంది. ఆసుపత్రి నుంచి వచ్చినవాడు ఆ రెండు నెలలు దాటగలిగితే సగం గెలిచినట్టే. మత్స్యకార సంఘం పెద్దలు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఆ సాయంత్రాలు అతన్ని ఏదో ఒక పనిలోకి పిలవండి. సంఘం లెక్కలు రాయమనండి, గుడి పనులు చూడమనండి, పిల్లల వాలీబాల్‌కి రిఫరీగా నిలబెట్టండి. పెళ్లిళ్లలో, చావుల్లో మగవాళ్లకి మందు పెట్టే ఆచారం ఉంది. కనీసం అతను ఉన్న బంతిలో పెట్టకండి. "మానేశావంట కదా" అని పదే పదే పరీక్ష చేయకండి.

మళ్లీ తాగితే? తాగొచ్చు. బీపీ మాత్రలు ఆపేసినవాడికి బీపీ మళ్లీ పెరిగితే డాక్టరు దగ్గరికి పంపుతాం కానీ ఇంట్లోంచి గెంటెయ్యం. ఇదీ అలాంటి జబ్బే, తిరగబెడుతుంది. తాగాలన్న కోరిక తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, ఎకాంప్రోసేట్ అనే మందులున్నాయి. మళ్లీ మొదలెట్టాడని తెలిసిన రోజే తీసుకెళ్లండి. ఎంత ఆలస్యమైతే అంత లోతుకి వెళ్తాడు.

భార్యలకి ఒక మాట. అతను కొడుతుంటే, జబ్బే కదా అని భరించక్కర్లేదు. జబ్బు అతనికి, దెబ్బలు మీకు. మీరూ పిల్లలూ ముందు క్షేమంగా ఉండే చోటికి వెళ్లండి, వైద్యం సంగతి అక్కడి నుంచి మాట్లాడదాం.

14446 వ్యసనాల నుంచి బయటపడటానికి దేశమంతటికీ ఉన్న నంబరు. 14416 టెలీ మానస్, మనసుకి సంబంధించిన ఏ ఇబ్బందికైనా చేయొచ్చు. రెండూ ఉచితం. గంజాయి అమ్మకాల మీద ఫిర్యాదుకి 1972. ఇప్పుడే ఫోన్లలో పెట్టుకోండి, ఒక్క నిమిషం ఆగుతాను.

ఇక ప్రశ్నలు అడగండి. అందరి ముందు అడగడం ఇబ్బంది అయితే సభ అయ్యాక రండి, పక్క గదిలో కూర్చుంటాను. వచ్చినవాళ్లతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతాను, ఎవరు వచ్చారో ఎవరికీ చెప్పను.