పుట్టుకతో వచ్చిన బుద్ధి, లాంబ్రోసో పుర్రె, స్టువర్టుపురం

నమస్తే. గుంటూరు బ్రాడీపేటలో మా మేడ మీద గదిలోంచి మాట్లాడుతున్నాను. మధ్యలో ఆటోల హారన్లు వినిపిస్తే సర్దుకోండి. కిటికీ మూస్తే ఈ ఉక్కపోతకు నేను ఉండలేను.

ఇవాళ క్రిమినాలజీలో, అంటే నేరశాస్త్రంలో, మనవాళ్ళు బట్టీ పట్టి రెండు రోజుల్లో మర్చిపోయే పాఠం. నేరానికి జీవశాస్త్రం ఏ కారణాలు చెప్తుంది, అవి ఎంతవరకు నిలుస్తాయి? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా. పాఠమంతా ఆ మాట మీద జరిగిన గొడవే. మన పెద్దలు సామెత చెప్పి ఊరుకున్నారు. ఇటలీలో ఒక డాక్టరు ఏకంగా పుర్రెలు కొలవడం మొదలుపెట్టాడు.

ఆయన చెజారే లాంబ్రోసో. ఇటలీ దక్షిణాన కలాబ్రియా అని పేద ప్రాంతం ఉంది. అక్కడి విల్లెల్లా అనే ఖైదీ చనిపోయాక, అతని పుర్రె వెనకభాగం లోపల ఒక చిన్న గుంట కనబడింది. అది కొన్ని జంతువుల్లో ఉండే గుంట. నేరస్తుడంటే పరిణామంలో వెనక్కి జారిన మనిషి అని లాంబ్రోసో తేల్చేశాడు. 1876లో పుస్తకం వేశాడు. పెద్ద దవడలు, చేటల్లాంటి చెవులు, పొడుగు చేతులు... ఇవన్నీ పుట్టు నేరస్తుడి గుర్తులన్నాడు. ఇలా పరిణామంలో వెనక్కి జారడాన్ని అటావిజం అంటారు. జవాబులో ఈ మాట పడితే మార్కు పడుతుంది.

నవ్వకండి. "వాడి మొహం చూడు, దొంగలా ఉన్నాడు" అని మనం బస్టాండులో అనుకోమా?

లాంబ్రోసో చూసింది ఎక్కువగా ఎవరిని? జైల్లో ఉన్నవాళ్ళని, అంటే దొరికిపోయినవాళ్ళని. మన మిర్చి యార్డులో నిలబడి లెక్క తీస్తే ఆంధ్రాలో మిరప తప్ప ఇంకో పంటే లేదని తేలుతుంది. అలా ఉంది ఇది. 1913లో ఇంగ్లండులో చార్లెస్ గోరింగ్ అనే జైలు డాక్టరు దాదాపు 3 వేల మంది ఖైదీల కొలతలు తీసి, బయటివాళ్ళ కొలతలతో పోల్చి చూశాడు. నేరస్తుడికి ప్రత్యేకమైన రూపం ఏదీ లేదన్నాడు. చిత్రం ఏమిటంటే, తెలివి తక్కువతనం వంశపారంపర్యంగా వస్తుందంటూ ఆయనా మళ్ళీ అదే గుమ్మంలో తేలాడు.

క్రోమోజోముల సంగతి త్వరగా చెప్పేస్తాను. మగవాళ్ళకు ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. వెయ్యి మందిలో సుమారు ఒకరికి ఇంకో వై అదనంగా ఉంటుంది. 1965లో స్కాట్లండులో, ప్రమాదకరమైన మానసిక రోగులను కాపలాలో ఉంచే ఒక ఆసుపత్రిలో అలాంటివాళ్ళు ఎక్కువగా కనబడ్డారు. ఇంకేముంది, పత్రికలు పట్టుకున్నాయి. 1966లో షికాగోలో ఎనిమిది మంది నర్సింగ్ అమ్మాయిలను చంపిన రిచర్డ్ స్పెక్‌కు అదే ఉందని ప్రచారం జరిగింది. పరీక్ష చేస్తే లేదు. 1976లో డెన్మార్క్‌లో 4 వేలకు పైగా పొడగరి మగవాళ్ళను పరీక్షిస్తే అదనపు వై ఉన్నవాళ్ళు 12 మందే దొరికారు. వాళ్ళకు శిక్షలు కాస్త ఎక్కువే గానీ, హింస ఎక్కువని తేలలేదు.

ఇప్పుడు అసలైన పట్టిక. ఇది స్క్రీన్ మీద ఉంచుతాను, తొందరపడకండి. దత్తత వెళ్ళిన పిల్లలను చూస్తే కన్నవాళ్ళ రక్తాన్ని, పెంచినవాళ్ళ ఇంటిని విడదీయవచ్చు కదా. డెన్మార్క్ రికార్డుల్లో 14,427 దత్తతలు చూసి 1984లో ప్రచురించారు. కొడుకుల లెక్కలివి. కన్నవాళ్ళకూ పెంచినవాళ్ళకూ శిక్షలు లేకపోతే 13.5 శాతం మందికి శిక్ష పడింది. పెంచినవాళ్ళకు మాత్రమే ఉంటే 14.7. కన్నవాళ్ళకు మాత్రమే ఉంటే 20. ఇద్దరికీ ఉంటే 24.5.

చూశారా, రక్తం ఉందన్నమాట! అవును, ఉంది. నేను కాదనను. జీవశాస్త్రం అంతా బూటకం అని రాసే పిల్లలకూ నేను మార్కులు తగ్గిస్తాను. ఇంకో సంగతి, ఈ తేడా కనబడింది దొంగతనాల్లాంటి ఆస్తి నేరాల్లోనే. హింసాత్మక నేరాల్లో కన్నవాళ్ళతో సంబంధం తేలలేదు.

2002లో న్యూజీలాండ్, డునెడిన్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. అందులో 442 మంది మగపిల్లలు. మెదడులో కొన్ని రసాయనాలను విరగ్గొట్టే ఎంజైముకు ఒక జన్యువు ఉంది, ఎంఏఓఏ అంటారు. అది మందంగా పనిచేసి, చిన్నప్పుడు ఇంట్లో హింస కూడా పడ్డవాళ్ళు ఆ గుంపులో 12 శాతమే. హింసాత్మక నేరాల శిక్షల్లో మాత్రం 44 శాతం వాళ్ళవే. జన్యువు అలాగే మందంగా పనిచేసినా ఇంట్లో సవ్యంగా పెరిగినవాళ్ళలో అలాంటిదేమీ లేదు. పత్రికలేమో దానికి "యోధుడి జన్యువు" అని పేరు పెట్టేశాయి. దెబ్బలు తిన్న బాల్యం హెడ్డింగులోకి ఎక్కలేదు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఒకటుంది, పుస్తకాల్లో ఒక్క వాక్యంతో వదిలేస్తారు. నేరం అంటే ఏమిటో చెప్పేది చట్టం. 1995లో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలించారు. 1994లో సాయంత్రం పూట సీసా తెరిచినాయన మరుసటి ఏడాది నేరస్తుడు, ఇంకో రెండేళ్ళకు మళ్ళీ పెద్దమనిషి. ఈలోగా ఆయన జన్యువులేమైనా మారాయా?

గుంటూరులో కూర్చుని ఈ పాఠం చెప్తూ స్టువర్టుపురం ఎత్తకుండా వెళ్ళలేను. బాపట్ల దాటాక, చీరాలకు ముందు వచ్చే స్టేషన్. నా చిన్నప్పుడు పాసింజరు బండి బాపట్ల దాటగానే మా అమ్మమ్మ సంచీ ఒళ్ళోకి లాక్కునేది. ఎప్పుడూ ఏమీ పోలేదు, అయినా లాక్కునేది.

1871లో బ్రిటిష్ సర్కారు కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసే క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చింది, లాంబ్రోసో పుస్తకానికి ఐదేళ్ళ ముందే. దొరల లెక్క పుర్రె కాదు, కులవృత్తి. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడట. 1911 చట్టంతో ఇది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్ళు తరతరాలుగా ఉప్పు, ధాన్యం మోసుకుని ఊరూరా అమ్ముకునేవాళ్ళు. ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, సరుకు రైలెక్కింది, వాళ్ళ బతుకుతెరువు దెబ్బతింది. ఆనక వాళ్ళ మీదే ముద్ర వేశారు. గోరింగ్ ఇంగ్లండులో లాంబ్రోసోను తప్పుపడుతున్న ఆ రోజుల్లోనే ఇక్కడ వాళ్ళకు సెటిల్మెంటు కట్టి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు అప్పగించారు, మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్టు పేరు పెట్టారు. రోజూ హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీకి కూలీలు కావాల్సొచ్చేసరికి మాత్రం అదే రక్తం పనికొచ్చింది.

ఆ చట్టం 1952లో పోయింది. కొన్ని జైలు మాన్యువల్స్‌లో ఆ ముద్ర అలాగే ఉండిపోతే, 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

డెన్మార్క్ పట్టిక మళ్ళీ స్క్రీన్ మీద పెడుతున్నాను. పాజ్ చేసి, ప్రతి అంకె పక్కన శిక్ష పడనివాళ్ళ శాతం కూడా రాసుకోండి. 20 పక్కన ఎంత వస్తుందో కామెంట్లో పెట్టండి.