ఫ్యాక్టోరియల్ ఎనిమిది, బోరు నీళ్లు

తమ్ముడు: అందరికీ నమస్కారం. నల్లగొండ గడియారం సెంటర్ నుంచి మళ్లీ మేమే. ఈ వారం విషయం: డిగ్రీ మొదటి సంవత్సరంలో ప్రోగ్రామింగ్ సి భాషతో మొదలుపెట్టాలా, పైథాన్‌తోనా? కెమిస్ట్రీకి చివర్లో పది నిమిషాలు. అక్కా, పదే.

అక్క: సరే. ఏడో నంబరు బురెట్టు, అదే చుక్కలు కొలిచి వదిలే గాజు గొట్టం, దాని ఊసెత్తను.

తమ్ముడు: మాటిచ్చావు, వినేవాళ్లు సాక్షులు. సి 1972 నాటిది, పైథాన్ 1991లో వచ్చింది. వయసు చూసి నేను తీర్పు చెప్పడం లేదు. సి ప్రోగ్రాములు రాసే పాత సాఫ్ట్‌వేర్, ఆ నీలం తెర టర్బో సి ఉంది కదా, దాంట్లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాయించండి. ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నిటినీ గుణించడమే ఫ్యాక్టోరియల్. ఏడు ఇస్తే 5040 వస్తుంది. ఎనిమిది ఇస్తే 40320 రావాలి. తెర మీద మైనస్ 25216 అని పడుతుంది.

అక్క: మైనస్ ఎలా వచ్చింది?

తమ్ముడు: అక్కడ పూర్ణాంకానికి రెండు బైట్ల చోటే ఉంటుంది. 32767 దాటితే లెక్క మైనస్ వైపుకు తిరిగిపోతుంది. పైథాన్‌లో ఎంత పెద్ద పూర్ణాంకమైనా పడుతుంది కాబట్టి ఈ ఇరుకు కంటికి కనపడదు. అందుకే నా ఓటు సికి.

అక్క: మరి రికార్డులో ఏం రాస్తారు?

తమ్ముడు: ఐదు ఇచ్చి 120 వచ్చిందని రాస్తారు. ఎనిమిది ఎవరూ ఇవ్వరు.

అక్క: మా ల్యాబులోనూ ఇదే బాధ! నీటి కాఠిన్యం ప్రయోగానికి నమూనా మేమే కలిపి ఇస్తాం. ఎంత రావాలో పిల్లలకు సీనియర్లు ముందే చెప్పేస్తారు. అదే ఇంటి బోరు నీళ్లు తెమ్మంటే...

తమ్ముడు: వచ్చాయి బోరు నీళ్లు.

అక్క: రానీ. ఫ్లాస్కులో నీళ్లు, అమ్మోనియా బఫర్, రెండు చుక్కల ఎరియోక్రోమ్ బ్లాక్ టి అనే రంగు సూచిక. ముదురెరుపు వస్తుంది. బురెట్టులోంచి ఈడీటీఏ అనే ద్రావణం పడుతుంటే మెల్లగా ఊదాకు తిరుగుతుంది, ఇంకో చుక్కకు నీలం. ఆ చుక్క తన ఇంటి నీళ్లలో పడితే ఆ అమ్మాయి రీడింగు పక్కవాళ్లది చూసి రాయదు.

తమ్ముడు: ఇక్కడ నేను ఒప్పుకోను అక్కా. మర్రిగూడ వైపు పిల్లలకు నీళ్లంటే ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఈడీటీఏ చూపించేది కాల్షియం, మెగ్నీషియం. రీడింగు తక్కువ వస్తే నీళ్లు మంచివేనని ఇంటికెళ్లి చెప్తారు. మా పెద్దమ్మ వంగిన నడుముతో ఎన్నేళ్లు బతికిందో నీకు తెలుసు. ఈ విషయంలో పొరపాటు కూడదు.

అక్క: తెలుసురా. అందుకే అడుగుతున్నాను. కాల్షియం ఫ్లోరైడ్ నీళ్లలో కరగడమే తక్కువ. కాల్షియం ఎక్కువున్న చోట ఫ్లోరైడ్ అంతగా పెరగదు, కాల్షియం తక్కువైన చోట నీళ్లలోనే మిగిలిపోతుంది. అంటే రీడింగు తక్కువ వచ్చిన సీసాను ఇంకా అనుమానించాలి. ఒక లవణం నీళ్లలో ఎంతవరకు కరుగుతుందో చెప్పే లెక్క, ద్రావణీయతా లబ్ధం, చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తమ్ముడు: ఈ మాట ప్రయోగానికి ముందే చెప్పాలి, తర్వాత కాదు.

అక్క: ముందే చెప్తాను. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి మన ఊరి పేరే పెట్టారు. టాంజానియాలో, ఇథియోపియాలో వాడారు. మన పిల్లలు మాత్రం దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పడుతున్నారు. పటిక తేలేమా? సున్నం లేదా?

తమ్ముడు: సున్నం ఉంది. ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ ఏది?

అక్క: అది అడగాలి. నేనే అడుగుతాను. లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు అని ప్రమాణం ఉంది. మన సీసా ఆ గీతకు ఏ వైపు ఉందో తెలియాలి కదా.

తమ్ముడు: సరే, సీసాల మీద ఊరి పేరు రాయించు. బోరు లోతు కూడా.

అక్క: లోతు ఇంట్లో అడిగి వస్తారు. డబ్బు కట్టినవాళ్లకు అడుగుల లెక్క గుర్తుంటుంది.

తమ్ముడు: పైథాన్ వైపు వాదన మిగిలిపోయింది. వచ్చే వారం చూద్దాం. టైం అయింది.

అక్క: ఉండు, ఒక్క మాట. ఫ్లోరైడ్ కొలిచే నీళ్లకు గాజు సీసాలు తేవద్దు. ప్లాస్టిక్‌వే తేవాలి.