తిథి చూసుకుని వెళ్ళండి, తెడ్డు పడవ ఎక్కండి

అధ్యక్షులవారికీ, వేదిక మీది పెద్దలకూ నమస్కారం. ఇరవై నిమిషాలే ఇచ్చారు కనుక పేరుపేరునా చెప్పడం మానేస్తున్నాను, ఏమీ అనుకోకండి. అమలాపురం వాళ్ళకు కాలువల గురించి చెప్పేదేముంటుంది అని మీరు నవ్వుకోవచ్చు. నా గొడవ మన కాలువలతో కాదు, బ్యాంకాక్ టూరు కాగితంలో పడవల మీది సంత గురించి కనిపించే ఒక్క వరుసతో: "ఫ్లోటింగ్ మార్కెట్, సగం రోజు."

ఆ సగం రోజులో తీసుకెళ్ళేది దామ్నోన్ సదువాక్‌కు. బ్యాంకాక్‌కు నైరుతిగా సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి కాలువ థాయ్‌లాండ్ రాజు మోంగ్‌కుట్ హయాంలో 1866లో తవ్వకం మొదలై 1868లో పూర్తయింది. తా చిన్, మే క్లాంగ్ నదులను కలిపే 32 కిలోమీటర్ల కాలువ. రెండు కొసలా లాకులున్నాయి. లాకంటే నీటిమట్టాన్ని అదుపుచేసే తలుపులని ఈ సభలో చెప్పక్కర్లేదు. దాన్నుంచి రెండు వందలకు పైగా పిల్లకాలువలు చీలాయి. తోటల్లో మట్టి ఎత్తుగా పోసి చెట్లు వేస్తారు, వరుసల మధ్య బోదెలు. చిన్న పడవలో పంపు బిగించి బోదె వెంట నడుపుతుంటే రెండువైపులా చెట్లకు నీళ్ళు చిమ్ముకుంటూ పోతుంది. కొబ్బరి, పంపరపనస, జామ అలా పండిస్తారు. చూడాల్సింది అదండీ! టూరు వాళ్ళు చూపించేది టీషర్టుల కొట్లు. 1970ల దశకంలో రోడ్లు పడ్డాక సరుకు లారీ ఎక్కింది, కాలువ మీద పర్యాటకులు మిగిలారు. బ్యాంకాక్‌లో ఏడింటికి బయల్దేరిన వ్యాను తొమ్మిదింటికి చేరుస్తుంది. అప్పటికి ఇరుకు కాలువలో పడవకు పడవ ఒరుసుకుంటూ ఉంటుంది.

ఎక్కించేది పొడవు తోక పడవ. కారు ఇంజిను, దానికి పొడవాటి కడ్డీ, కడ్డీ చివర పంకా. లోతు తగ్గినా గుర్రపుడెక్క అడ్డొచ్చినా కడ్డీ పైకెత్తి దాటించేయొచ్చు. కాలువకు తగిన ఏర్పాటే, నేను తప్పుపట్టను. తప్పంతా వేగంలో ఉంది. దాని అల గట్టును కొడుతుంది, ఇళ్ళ మెట్లను కొడుతుంది, ఎదురొచ్చే చిన్న పడవను ఊపేస్తుంది.

ఇక్కడ అంఫవా సంగతి చెప్పి తీరాలి. పక్క ప్రావిన్సు సముత్ సాంగ్‌ఖ్రామ్‌లో ఉంది. మూతపడ్డ సంతను 2004లో మళ్ళీ నిలబెట్టారు. శుక్ర, శని, ఆదివారాలు సాయంత్రం పూట సాగుతుంది. కాలువ ఒడ్డు చెక్క ఇళ్ళను కాపాడుకున్నందుకు 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో ఆ ఊరికి గౌరవ ప్రస్తావన దక్కింది. అక్కడి గట్ల మీద లంపు అనే మడజాతి చెట్టు ఉంటుంది. రాత్రి దాని నిండా మిణుగురులు, అన్నీ ఒకేసారి వెలిగి ఒకేసారి ఆరతాయి. అవి చూడ్డానికి ఇంజిను పడవలు రాత్రిపూట ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ చప్పుడుకు ఒడ్డున ఉన్నవాళ్ళకు నిద్ర లేదు. చెట్టు ఉంటే కదా పడవలొచ్చేది అని కొందరు తమ పెరటి లంపు చెట్లు నరికేశారు. వినండి, మిణుగురుల్ని చూడొచ్చినవాళ్ళ మూలంగానే మిణుగురుల చెట్టు పోయింది! నరకని చోట అలల తాకిడికి వేళ్ళ కింద మట్టి కొట్టుకుపోయి ఒరిగిపోయాయి. ఈ చలికాలంలో వెళ్ళేవాళ్ళు ఎవరున్నారు, చేతులెత్తండి. మీకే చెబుతున్నాను. రాత్రి పడవ ఎక్కితే చెట్టుకు దూరంగానే ఇంజిను ఆపమనండి. టార్చి వేయొద్దు, ఫ్లాష్ కొట్టొద్దు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. మరి ఎక్కడికి వెళ్ళాలి? తా ఖా. అంఫవాకు దగ్గరే. పూర్వం నుంచి ఆ సంత శుక్లపక్షం, కృష్ణపక్షం రెంటిలోనూ విదియ, సప్తమి, ద్వాదశి నాడు జరుగుతుంది, అంటే ఐదు రోజులకోసారి. మిగతా రోజుల్లో వేరే ఊళ్ళ సంతలు. ఇప్పుడు శని, ఆదివారాల్లోనూ పెడుతున్నారు. మన పంచాంగం మాత్రమే చూసి బయల్దేరకండి. వాళ్ళ చాంద్రమానం నెలకు 29, 30 రోజులు లెక్కగట్టేది, ఒక రోజు తేడా రావచ్చు. అక్కడి గోడ క్యాలెండరులో తిథి అచ్చువేసి ఉంటుంది, బసలో అడగండి.

శుక్రవారం రాత్రి అంఫవాలో ఉండండి. తెల్లవారుజామున భిక్షువులు ఒంటరిగా పడవ నడుపుకుంటూ భిక్షకు వస్తారు. ఆడవాళ్ళు చేతికివ్వకూడదు, పాత్రలో వేయాలి. తర్వాత తా ఖా. తెడ్డు పడవ అడగండి, బేరం మనిషికా పడవకా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. అడుగు పడవ మధ్యలో పెట్టి వెంటనే కూర్చోవాలి. అంచు మీద కాలేస్తే తిరగబడుతుంది. చేతులు లోపలే ఉంచండి, రెండు పడవలు రాసుకుంటే వేళ్ళు నలుగుతాయి. పోటు తీసేస్తే పిల్లకాలువలో పడవ నేలకు తగులుతుంది, అందుకే పెందలాడే వెళ్ళమనేది.

కోనసీమ వాళ్ళు తప్పక చూడాల్సింది కొబ్బరి బెల్లం పొయ్యి. విచ్చుకోని పూగెల కొస కోసి నీరా పడతారు. పులవకుండా గొట్టంలో ఫయోమ్ అనే చెక్క ముక్కలు వేస్తారు. మన వైపు నీరా కుండకు సున్నం పూసినట్టన్నమాట. వడగట్టి, పెద్ద మూకుళ్ళలో మరిగించి, దించి, గట్టిగా గిలక్కొట్టి అచ్చుల్లో పోస్తారు. అచ్చమైనది మెత్తగా ఉండి వేడికి కారుతుంది. రాయిలా గట్టిగా ఉంటే పంచదార కలిపారని అర్థం. ధర కొంచెం ఎక్కువైనా మెత్తనిదే కొనండి.

శాకాహారులు పడవ నూడుల్స్ జోలికి పోకండి. గిన్నె చిన్నదే, రసంలో రక్తం కలుపుతారు. కూరల్లో ఫిష్ సాస్, అంటే పులియబెట్టిన చేపల రసం, మామూలే. "జే" అనండి, మాంసం, చేపలతో పాటు ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టు చూసుకోండి. పొంగణాల పెనంలో బియ్యప్పిండీ కొబ్బరిపాలూ పోసి కాల్చే ఖనోమ్ ఖ్రోక్ ఉంటుంది, పైన రొయ్య పెట్టారేమో చూసి తినండి. పడవ మీది అమ్మలకు వెయ్యి బాట్ల నోటు ఇస్తే చిల్లర దొరకదు, ఇరవై బాట్ల నోట్లు దగ్గర పెట్టుకోండి.