కూలిన చెట్టు వేరు చెప్పే సంగతి

అందరికీ నమస్కారం. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేల చెట్లు కూలాయి. ఆ ఫోటోల్లో అందరూ పడిన మానులను చూశారు. బాటనీ చెప్పుకునే నాలాంటి వాడి కన్ను మాత్రం పైకి లేచిన వేళ్ల మీదే పడింది.

ఆ సన్న వేళ్లలో శిలీంధ్రం కాపురం ఉంటుంది. పాలుకిచ్చిన పొలం లెక్క. శిలీంధ్రం తన పోగులతో వేరు అందుకోలేని చోటి నుంచి ఫాస్ఫరస్ తెస్తుంది, చెట్టు చక్కెర ఇస్తుంది. ఈ పొత్తుకు 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ శాస్త్రవేత్త మైకోరైజా అని పేరు పెట్టాడు.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. చలి దేశాల పైన్, ఓక్ చెట్ల శిలీంధ్రం వేరు చుట్టూ తొడుగు కడుతుంది, పుట్టగొడుగులు వేస్తుంది. మన టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్లది వేరు కణాల లోపలికే దూరే రకం. పుట్టగొడుగు వేయదు, కంటికి కనిపించదు. (మనం వండుకునే పుట్ట మీది పుట్టగొడుగులు చెదపురుగులు పెంచేవి, వాటికీ దీనికీ సంబంధం లేదు.)

ఆకులు మెల్లగా కుళ్లే చలిలో తొడుగు రకానిది పైచేయి, తొందరగా కుళ్లే వేడిలో మన రకానిది. ఏ అడవిలో ఏ రకం పొత్తు ఉందో చూపుతూ 2019లో అచ్చయిన ప్రపంచ పటం ప్రకారం కర్బన ఉద్గారాలు ఇలాగే సాగితే 2070 నాటికి తొడుగు రకం చెట్లు సుమారు 10 శాతం తగ్గవచ్చు. ఆ మార్పు ఎక్కువగా ఉత్తరాది చలి అడవులది.

మన దగ్గర కథ వేరు. ఎండాకాలం మంట ఒక్కసారి పాకిపోతే లోతు పోగులు బతుకుతాయి. ఏటా కాలితే పైమట్టిలోని శిలీంధ్ర బీజాలు తగ్గిపోతాయి. పూలు కనబడాలని రాలిన ఆకులకు నిప్పు పెట్టి ఇప్పపూలు ఏరేవాళ్లను తప్పుపట్టను, ఊడ్చిన నేల మీదా పూలు ఏరవచ్చు కదా అంటాను, అంతే. ఇక జామాయిల్ తోటలు. వానాకాలంలో వాటి కింద పగిలితే పొడి రాలే గుండ్రటి శిలీంధ్రాలు చూశారా? అవి తొడుగు రకం, చెట్టుతో పాటే ఆస్ట్రేలియా నుంచి వచ్చిన పొత్తు. చెట్టు మారితే కింద పాలుదారు కూడా మారతాడు.

మధ్యాహ్నం మైక్రోస్కోప్ కింద రెండు వేళ్లు పెడతాను. ఒకటి పాకాల అడవిలోని టేకుది, ఇంకోటి ఎరువు బాగా వేసిన నర్సరీ మొక్కది. ఫాస్ఫరస్ ఊరికే దొరికితే మొక్క పాలుదారును దూరం పెడుతుంది. నీలిరంగు పట్టిన పోగులు ఎందులో ఎన్నున్నాయో మీరే లెక్కపెట్టండి.